ఆరో అర

మా ఆయన ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు. నేను చెప్పకపోయినా ఆయనే చెబుతారు. కొత్తవాళ్లెవరైనా ఇంటికొస్తే, మంచినీళ్లు ఇచ్చేలోపే ఆ సంగతి ఏదో ఒక వంకన మాటల్లోకి వచ్చేస్తుంది. బస్సులో మెడ వంచుకుని నిలబడాల్సి వస్తోందనో, మంచం మీంచి పాదాలు బయటికి వస్తున్నాయనో కష్టం చెప్పుకుంటున్నట్టు మొదలుపెడతారు. వినేవాళ్లు "ఇంతకీ మీ ఎత్తెంతండీ" అని అడిగేదాకా ఆ కష్టం తీరదు. నాది ఐదడుగులకు ఒక అంగుళం తక్కువ. నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పుకోలేదు.

ఆయన పనిచేసింది ఊళ్లో ఇళ్ల ప్లాన్లు దాచే ఆఫీసులో, రికార్డు కీపరుగా. ఎవరు గోడ కట్టినా, గది పెంచినా, మేడ వేసినా దానికో ఫైలు పుడుతుంది. అది వెళ్లి రికార్డు రూములో కూర్చుంటుంది. పొడవాటి గది, రెండు కిటికీలు, పన్నెండు ఇనప రాకులు, ఒక్కో రాకుకి ఏడేసి అరలు. పై సెక్షన్లవాళ్లు నంబరు వేసి స్లిప్పు పంపితే ఆ ఫైలు వెతికి తీసివ్వాలి. ముప్పై ఏళ్లు ఈయన ఆ పని ఎంత జోరుగా చేశారంటే ఆఫీసంతా ఆయన్ని మెరుపుగారు అనేది. స్లిప్పు చూసేవారు, రెండడుగులు వేసేవారు, చెయ్యి చాచేవారు, ఫైలు బల్ల మీద ఉండేది. ఆ గర్వంతో రికార్డు రూము తలుపు మీద ఎర్ర పెయింటుతో "స్లిప్పు ఇచ్చిన రెండు నిమిషాల్లో ఫైలు" అని రాయించారు. పైవాళ్లు దాన్నే రూలు చేసేశారు.

ఈ మెరుపు వెనకున్న రహస్యం ఆరో అర. రాకులు కొత్తగా వచ్చినప్పుడు వాటిని సర్దింది ఈయనే. రోజూ ఎవరో ఒకరు అడిగే ఫైళ్లన్నీ ఆరో అరలో పెట్టారు. అది సరిగ్గా ఆయన నుదుటికి ఎదురుగా ఉంటుంది. వంగక్కర్లేదు, మునివేళ్ల మీద లేవక్కర్లేదు. ఎవరూ అడగని ఫైళ్లు మూడో అరలోనూ నాలుగో అరలోనూ పెట్టారు. ఇళ్లు కూలిపోయి పాతికేళ్లయినా వాటి ఫైళ్లు మాత్రం మనిషి నడుమెత్తున, దుమ్ము కప్పుకుని హాయిగా పడుకునేవి. ఈ ఏర్పాటుకి మా ఆయన పెట్టుకున్న పేరు 'పద్ధతి'.

రికార్డు రూములో ఆయనతోపాటు ఒకావిడ ఉంది, అసిస్టెంటు. ఆవిడ ఎత్తు నాలుగడుగుల పదంగుళాలు. ఆవిడ కోసం గదిలో ఒక ఇనప స్టూలు పడేశారు. స్లిప్పు రాగానే స్టూలు ఈడ్చుకుంటూ రాకు దగ్గరికి వెళ్లాలి, ఎక్కాలి, తీయాలి, దిగాలి, ఫైలు ఇచ్చి రావాలి. ఆలోపు ఇంకో స్లిప్పు వస్తుంది, దాని రాకు ఆ చివరెక్కడో ఉంటుంది. స్టూలు ఈడ్చే చప్పుడు మేడ మీద సెక్షన్లకి కూడా వినబడేదట. దాంతో ఆవిడకి స్టూలమ్మ అని పేరు పడిపోయింది. ఆవిడని చూడకముందు ఇంట్లో నేను కూడా అలాగే అనేదాన్ని. మా ఆయన మాత్రం 'అమ్మాయీ' అని పిలిచేవారు. ఆవిడకి నలభై రెండేళ్లు.

చేరిన రెండో ఏడు ఆవిడ ఒకసారి అడిగిందట, "సార్, రోజూ నడిచే ఫైళ్లు కాస్త కిందికి మార్చుకుంటే ఎలా ఉంటుంది" అని. "పద్ధతమ్మాయీ, పద్ధతి. అది కదిపితే ఆఫీసు ఆగిపోతుంది" అన్నారట ఈయన. ఆవిడ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఏటా ఆవిడ పని మీద పైవాళ్లకి రిపోర్టు రాయాల్సింది కూడా ఈయనే. పదకొండేళ్లూ పొల్లు పోకుండా ఒకటే వాక్యం రాశారు: "పనిమంతురాలు, నమ్మకస్తురాలు, కానీ నిదానం." రాసిన రోజు ఇంటికొచ్చి, "ఏం చేస్తాం, ఉన్నది ఉన్నట్టు రాయకపోతే నాకు నిద్ర పట్టదు" అనేవారు. హాయిగా గురక పెట్టి పడుకునేవారు.

ఆ పద్ధతి మా ఇంట్లోనూ ఉంది. ఈ ఇల్లు కట్టించినప్పుడు వంటింట్లో సింకు పైన చెక్క అర పెట్టించడానికి వడ్రంగి పక్కన తనే నిలబడ్డారు. చెయ్యెత్తి గోడ మీద పెన్సిలుతో గీత గీసి, "ఇక్కడ పెట్టు, చేతికి సరిగ్గా అందుతుంది" అన్నారు. ఎవరి చేతికి అని వడ్రంగి అడగలేదు. సొంతింటి సంబరంలో నేనూ అడగలేదు. అప్పటినుంచి ఇరవై ఎనిమిదేళ్లుగా పప్పుల డబ్బా కావాలంటే మూలనున్న స్టూలు లాక్కుని ఎక్కుతున్నాను. పొద్దున పూట అయితే గిన్నెలు తోమే ఆమె ఉంటుంది. నాకంటే జానెడు పొడుగు కాబట్టి ఆమె చేతే దింపించుకుంటాను. మా ఆయనకి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాలా? రోజూ ఆ వంటింట్లోనే కుర్చీ వేసుకుని కాఫీ తాగే మనిషికి పెళ్లాం స్టూలెక్కి దిగడం కనబడదా? కనబడలేదు. ఆయన కళ్లు అంత ఎత్తున ఉంటాయి మరి.

ఆయన రిటైరవడానికి మూడు నెలలుందనగా ఆఫీసుకి కొత్త ఆఫీసరు వచ్చాడు. కుర్రవాడు, గడియారం తప్ప ఇంకెవరి మాటా నమ్మడు. మెరుపుగారి తర్వాత రికార్డు కీపరు ఎవరన్నది పరీక్ష పెట్టి తేలుస్తానన్నాడు. పది స్లిప్పులు, పది ఫైళ్లు, ఎవరికి తక్కువ సమయం పడితే పదవి వాళ్లది. పోటీలో ఇద్దరు. ఒకరు స్టూలమ్మ. రెండో మనిషి టపా సెక్షన్‌లో ఉత్తరాల మీద ముద్రలు కొట్టే ఆయన. టపాలాయన నికార్సుగా ఆరడుగులు. రికార్డు రూములోకి అప్పటిదాకా రెండుసార్లు వచ్చాడు, అందులో ఒకసారి దారి తప్పి.

ఓడిపోతే టపాలాయనకి పోయేదేమీ లేదు, మళ్లీ వెళ్లి ముద్రలు కొట్టుకుంటాడు. ఆవిడ ఓడిపోతే మాత్రం ఊరవతల గోడౌనుకి బదిలీ అని ముందే చెప్పేశారు. ఆవిడ ఇల్లు ఆఫీసుకి పది నిమిషాల నడక. కళ్లు కనబడని తల్లి ఉంది. మధ్యాహ్నం ఇంటికి పరిగెత్తి ఆ పెద్దావిడకి అన్నం పెట్టి వస్తుంది. గోడౌనుకి పంపితే ఆ అన్నం పెట్టే దిక్కు ఉండదు. ఇదంతా మా ఆయనకి తెలుసు. తెలిసే, పెరుగన్నం కలుపుకుంటూ, "పదవి టపావాడిదే. పాపం, అమ్మాయి మంచిదే. కానీ నిదానం" అన్నారు.

ఆ తర్వాత నాలుగో రోజు పొద్దున, స్నానం చేసి తువ్వాలు కోసం చెయ్యెత్తారు. కుడిచెయ్యి భుజం దాకా వచ్చి ఆగిపోయింది. ఆయన పెట్టిన కేకకి పక్కింటివాళ్లు కూడా వచ్చారు. డాక్టరు భుజాన్ని అటూ ఇటూ తిప్పి, "ఈ వయసులో మామూలే, బిగుసుకుపోయింది. ఏడెనిమిది వారాలు చెయ్యి భుజం పైకి ఎత్తకండి" అన్నాడు. మామూలే అన్నందుకు మా ఆయనకి కోపం వచ్చింది. ఆయనకి వచ్చినది ఏదీ మామూలుగా రాకూడదు.

మర్నాడు ఆఫీసుకి వెళ్లారు. ఆరోజు అసిస్టెంటావిడ తల్లికి జ్వరమని సెలవు పెట్టింది. తర్వాత జరిగింది నాకు ముక్కలు ముక్కలుగా, చాలా రోజుల మీద తెలిసింది. మొదటి స్లిప్పు రాగానే ఈయన ఎడంచేత్తో ఆరో అరలోంచి ఫైలు లాగారు. అవి ఒక్కోటి ఇటుక బరువుంటాయి. ఒకటి లాగితే నాలుగు వచ్చి నెత్తిన పడ్డాయి. రెండో స్లిప్పుకి స్టూలు వేసుకున్నారు. ఎక్కగానే అది ఒక పక్కకి ఒరిగింది. స్టూలుకి ఒక కాలు పొట్టి. ఒరిగిన మనిషి రాకు పట్టుకుని నిలదొక్కుకుంటుంటే ట్యూబులైటు తలకి తగిలింది. ఆరోజు వచ్చిన స్లిప్పులు ఇరవై మూడు. ఒక్కోదానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. మధ్యాహ్నానికి పై సెక్షన్లనుంచి మనుషులే దిగి వచ్చి, "మెరుపుగారు సెలవా" అని ఆయన్నే అడిగారు.

సాయంత్రం గది మూసేముందు కిటికీ గట్టు మీద ఒక కాగితాల మడత కనిపించిందట. చెక్కలా గట్టిగా, ఇనప కాలు ఒత్తుకుని గుంట పడి ఉంది. ఇది కదా కాలు కింద పెట్టాల్సింది అనుకుని, ఊరికే ఉండక మడత విప్పారు. లోపల పదకొండు కాగితాలు. అన్నిటి మీదా తన చేతిరాతే. పనిమంతురాలు, నమ్మకస్తురాలు, కానీ నిదానం. ఏటా తనకిచ్చిన రిపోర్టు కాపీని ఆవిడ మడిచి స్టూలు కాలు కింద పెట్టుకుంటోంది. పదకొండేళ్లకి గాని ఆ కాలు సమానం కాలేదు.

ఆ రాత్రి ఆయన అన్నం ముందు కూర్చుని, "స్టూలుకి ఒక కాలు పొట్టిదే, తెలుసా" అన్నారు. "స్టూళ్లన్నీ అంతే" అన్నాను. ఆయన తల ఊపారు. నాకెలా తెలుసని మాత్రం అడగలేదు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మా ఆయనకి ఏ విషయమైనా తెలియనంతకాలం ఒక బాధ, తెలిశాక ఇంకో బాధ. రెండు రోజుల్లో ఆయన ఎత్తు మీద ఉపన్యాసకుడై కూర్చున్నారు. పేపరబ్బాయిని గేటు దగ్గర ఆపి, "ఎత్తు మనం సంపాదించుకున్నది కాదోయ్, ఊరికే వచ్చింది. దాన్ని చూసి మురిసిపోకూడదు" అన్నారు. ఆ పిల్లాడు ఐదడుగులు కూడా ఉండడు, బిక్కమొహం వేసి వెళ్లిపోయాడు. ఆఫీసులో ఆవిడ స్టూలెక్కితే పరుగున వచ్చి ఎడంచేత్తో స్టూలు పట్టుకుని, "నేనున్నానుగా అమ్మాయీ, భయపడకు" అనేవారట. పదకొండేళ్లు ఒంటరిగా ఎక్కిన మనిషి ఆమె. "సార్, కాస్త పక్కకి జరిగితే దిగుతాను" అనేదట.

చివరికి ఉత్తరం రాశారు, ఆఫీసరుకి. నాకు చదివి వినిపించారు కూడా. "సదరు అసిస్టెంటు పుట్టుకతో పొట్టి అయినందున, జాలితో పరిశీలించి, పరీక్షలో రెట్టింపు సమయం ఇప్పించగలరు" అని ఉంది. "ఇది ఇవ్వకండి" అన్నాను. "నీకేం తెలుసు, న్యాయం కోసం ఎవరో ఒకరు నిలబడాలి" అన్నారు. నిలబడ్డారు. ఆఫీసరు ఆ ఉత్తరం పైన "రెట్టింపు సమయం కావలసిన వ్యక్తి ఈ పదవికి తగునా?" అని రాసి ఆవిడ సర్వీసు ఫైల్లో పెట్టించాడు. అప్పటిదాకా ఆవిడకి పరీక్షలో ఓడిపోయే ప్రమాదమే ఉండేది. ఇప్పుడు పరీక్షకి కూర్చోనిస్తారో లేదో తెలియకుండా పోయింది.

ఆరోజు మా ఆయన ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా కూర్చున్నారు. ఏమైందని అడిగితే చెప్పారు. ఆవిడ ఆ ఫైలు పట్టుకొచ్చి బల్ల మీద పెట్టిందట. గొంతు పెంచలేదు, ఏడవలేదు.

"సార్, నేను పొట్టి కాదు. అర ఎత్తు" అందట.

ఈయన ఏదో అనబోతే, "మీరు నా తరఫున జాలి పడొద్దు సార్. మీ తరఫున నిజం రాయండి. అర ఎవరు పెట్టారో, ఎవరి కొలతకి పెట్టారో రాయండి. నిదానం అని పదకొండుసార్లు రాశారు కదా, ఇది ఒక్కసారి రాస్తే చాలు" అందట.

"రాస్తానని చెప్పారా" అని అడిగాను. చెప్పలేదు. మూడు రోజులు రాయలేదు కూడా. కాగితం తీస్తారు, పెన్ను మూత తీస్తారు, మళ్లీ పెడతారు. నాకు ఒళ్లు మండింది. జాలి చూపించే ఉత్తరం గంటలో రాసిన మనిషి నిజం రాయమంటే ఆ పెన్నుని పాముని చూసినట్టు చూస్తున్నారు. నాలుగో రోజు పొద్దున కాఫీ ఇవ్వకుండా ఎదురుగా కూర్చుని కారణమేంటో చెప్పమన్నాను. అప్పుడు బయటపడింది. రిటైర్మెంటు రోజు ఇవ్వడానికి ఆఫీసువాళ్లు ఇత్తడి పలక చేయిస్తున్నారు. దాని మీద "రెండు నిమిషాల మెరుపు" అని చెక్కిస్తున్నారు.

"ఈ ఉత్తరం రాస్తే ఆ పలకకి అర్థం లేదు. ముప్పై ఏళ్లు నేను చేసిందేమీ లేదనేగా" అన్నారు. ఆ మనిషి మీద అంతసేపూ ఉన్న కోపం పోయి నాకు నిజంగా జాలేసింది. ఆయన పనిదొంగ కాదు. ఒక్కరోజూ ఆలస్యంగా వెళ్లి ఎరగరు.

"చేశారు. పని మీరే చేశారు. కాకపోతే సగం పని ఆ అర చేసిపెట్టింది. ఆవిడకి అది ఎదురు తిరిగింది. రెండూ రాయండి" అన్నాను. తర్వాత కాఫీ ఇచ్చాను.

రాశారు. ఈసారి నాకు చదివి వినిపించలేదు. ఆఫీసరుకి ఇచ్చి, నడిచే ఫైళ్లు మూడో అరలోకి మార్చుకోవడానికి అనుమతి అడిగారు. ఆఫీసరు గడియారం చూసుకుని, "పరీక్షకి పది రోజులుంది. సెలవురోజు మార్చుకోండి. ఆఫీసు మనుషుల్ని వాడొద్దు. ఏ ఫైలు ఎక్కడుందో కొత్త జాబితా రాసి ఇద్దరికీ ఒకే రోజు ఇవ్వండి" అన్నాడు. ఆవిడని పరీక్షకి కూర్చోనిస్తానని కూడా అన్నాడు. మనిషి మొండివాడే కానీ వంకర లేదు.

ఆఫీసు మనుషుల్ని వాడొద్దన్నాడు గాని పెళ్లాల్ని వాడొద్దనలేదు. ఆ సెలవురోజు భోజనం క్యారేజీ పట్టుకుని నేనూ వెళ్లాను. ఆ గదిని, ఆవిడని అదే మొదటిసారి చూడటం. సన్నగా, గట్టిగా ఉంది మనిషి. జుట్టు బిగించి ముడేసుకుని, పాత ఫైళ్లు దింపడానికి మా ఆయన కంటే ముందే మొదలుపెట్టేసింది. ఏ ఫైలు ఏ వీధిదో, ఏ ఇంటిదో కాగితం చూడకుండా చెబుతోంది. "ఇది అన్నదమ్ములు గోడ కోసం కొట్టుకున్న ఇల్లు, రేపే అడుగుతారు, ముందు పెట్టండి" అంటుంది. మా ఆయన నంబరు చూసి, జాబితా చూసి, ఔనంటారు.

ఒక గంటయ్యాక చివరి రాకు ఆరో అరలో ఫైళ్లు మిగిలిపోయాయి. మా ఆయన చెయ్యి ఎత్తలేరు, ఆవిడ చేతినిండా కట్టలున్నాయి. నేనే వెళ్లాను. స్టూలు ఒక కాలితో తోసుకుంటూ రాకు దగ్గరికి తెచ్చి, కిందపడి ఉన్న పాత అట్టముక్క మడిచి పొట్టి కాలు కిందికి బొటనవేలితో నెట్టి, కొంగు దోపుకుని, రాకు పట్టుకోకుండా ఎక్కి, నాలుగు ఫైళ్లు తీసి చంకలో పెట్టుకుని దిగాను. పప్పుల డబ్బాకీ దీనికీ పెద్ద తేడా ఏమీ లేదు.

మా ఆయన నోరు తెరుచుకుని చూస్తున్నారు.

"నీకిదెలా అలవాటు?"

"ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు" అన్నాను. "మీ ఆఫీసులో కాదు."

ఆయనకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమవుతున్న కొద్దీ మొహం ఎర్రబడింది. "చెప్పొచ్చు కదా" అన్నారు మెల్లిగా.

"చూడొచ్చు కదా" అన్నాను.

ఆవిడ మొహానికి ఒక ఫైలు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి, నవ్వుతోందని తెలుస్తూనే ఉంది. నా మనసుకి ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఇరవై ఎనిమిదేళ్లు దాచుకున్న మాట అది, సరైన సాక్షి ముందు పడింది.

పరీక్షకి నేను లేను. మా ఆయన చెప్పింది సగానికి తగ్గించి, ఆవిడ చెప్పిందానికి కలిపి చెబుతున్నాను. ఆఫీసరు గడియారం బల్ల మీద పెట్టి, మొదలుపెట్టేముందు అందరూ వినేలా మా ఆయన ఉత్తరం చదివాడట. అందులో మూడే వాక్యాలున్నాయి. "ఆరో అర నా ఎత్తుకి నేను పెట్టుకున్నది. ముప్పై ఏళ్లుగా నా వేగమని నేను అనుకున్నదాంట్లో నా ఎత్తు వాటా ఉంది. పదకొండేళ్లుగా ఆవిడ నిదానమని నేను రాసినది తప్పు, ఆ పదకొండూ కొట్టేయండి." "దీన్ని రికార్డులో పెట్టమంటారా" అని ఆఫీసరు అడిగాడట. "పెట్టండి సార్, మూడో అరలో" అన్నారట మా ఆయన.

ముందు టపాలాయన. కొత్త జాబితా వారం ముందు అందుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. పరీక్ష రోజు దాకా అది ఆ జేబులోనే ఉంది. మూడో అర అతనికీ చక్కగా అందుతుంది. కానీ ఏది ఎక్కడుందో తెలియాలి కదా. పది ఫైళ్లకి ముప్పై నాలుగు నిమిషాలు పట్టింది, అందులో ఒకటి వేరే వీధిది. "నా పని ముద్రలే బాగుందండీ" అని తనే అన్నాడట, కోపం లేకుండా.

తర్వాత ఆవిడ. స్లిప్పు అందుకుంది, నడిచింది, చెయ్యి చాచింది. స్టూలు చప్పుడు లేదు. మేడ మీదివాళ్లు పరీక్ష ఇంకా మొదలు కాలేదేమో అనుకున్నారట. పది ఫైళ్లు పదకొండు నిమిషాల్లో బల్ల మీదున్నాయి. ఒక్కోదానికి నిమిషం పైన కాస్త. మెరుపుగారి జీవితకాలంలో అంత వేగం ఎప్పుడూ లేదు. ఆయన చప్పట్లు కొట్టడానికి కాస్త ఆలస్యమైందని ఆవిడే చెప్పింది. ఆలస్యమేమీ లేదు, భుజం నొప్పని ఆయనంటారు. ముప్పై ఏళ్ల రికార్డు కళ్లముందు పోతే ఎవరికైనా భుజం నొప్పేస్తుంది. కొట్టారు, అది చాలు. ఆ తర్వాత, "రికార్డు కీపరుగారూ, తాళాలు తీసుకోండి" అన్నారట. అమ్మాయి అనలేదు.

ఇత్తడి పలక ఇంటికొచ్చింది. అప్పటికే చెక్కించేశారు కాబట్టి మార్చలేదు. దాన్ని గోడకి కొట్టేముందు "ఎంత ఎత్తున పెట్టమంటావు" అని నన్ను అడిగారు. పెళ్లయ్యాక ఆయన నన్ను కొలత అడగడం అదే మొదలు. నా కళ్లకెదురుగా పెట్టించాను. ఇప్పుడు ఆయన దాన్ని చదువుకోవాలంటే వంగాలి.

మర్నాడే సుత్తి, మేకులు, టేపు పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. నన్ను సింకు ముందు నిలబెట్టి, చెయ్యి చాచమని, మోచెయ్యి దగ్గర ఒకసారి, వేళ్ల దగ్గర ఒకసారి కొలిచి, వడ్రంగిని పిలిచి అర కిందికి దింపించారు. స్టూలు తీసుకెళ్లి పెరట్లో పడేశాను. ఆ వారమంతా వీధిలో కనబడిన ప్రతివాళ్లకీ ఈ కథ చెప్పాను. మగవాళ్లకి కళ్లుండవని, అన్నీ మనమే విడమర్చి చెప్పాలని, చెప్పకుండా చూడగలిగితే లోకం ఎప్పుడో బాగుపడేదని, అందరూ ముక్కున వేలేసుకునేలా చెప్పాను. నాకు మా ఆయన ఉపన్యాసాల జబ్బు అంటుకుంది.

వారం తర్వాత ఒక పొద్దున చూస్తే, కొత్త అర మూలకి ఎవరో పాత గుడ్డ చుట్టి దారంతో కట్టారు. మసి పట్టిన గుడ్డ. గిన్నెలు తోమే ఆమెని పిలిచి కసిరాను.

"ముచ్చటపడి పెట్టించుకున్న అర. దాని మీద ఈ మసిగుడ్డ ఏమిటి, చూడ్డానికి అసహ్యంగా."

"ఇప్పేస్తానులెండమ్మా" అని ఆమె దారం ముడి విప్పడానికి చేతులెత్తింది. అప్పుడు కనిపించింది. ఆమె నుదుటి మీద, జుట్టు మొదలయ్యే చోట, ఒక బొప్పి. దాని పక్కన ఇంకోటి, పాతది, పచ్చబడింది. సింకు మీదికి వంగి తోముతుంది, తోమి తల ఎత్తుతుంది, ఎత్తిన చోట నా అర మూల ఉంది. నా ఎత్తుకి కొలిచి పెట్టించిన అర. ఆమె నాకంటే జానెడు పొడుగని నాకు తెలుసు. ఇన్నేళ్లూ ఆ జానెడు వాడుకున్నదాన్ని నేనే.

సిగ్గేసింది. నోట వచ్చిన మాట కూడా ఏం మాట.

"చెప్పొచ్చు కదా" అన్నాను.

"మీ వంటిల్లు కదమ్మా. మీకు అందేలా పెట్టుకున్నారు, మధ్యలో నేనేం చెప్పను" అందామె, గుడ్డ మడిచి చేత్తో పట్టుకుని.

వెనక కుర్చీలో మా ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది.

"చూడొచ్చు కదా" అన్నారు.

ఎంత నెమ్మదిగా అన్నారో. తిరిగి చూస్తే ఎక్కడ నవ్వు కనబడుతుందోనని నేను తిరగలేదు. సొరుగులోంచి టేపు తీసి గిన్నెలు తోమే ఆమె చేతిలో పెట్టాను. ఎంత ఎత్తుకి మార్చమంటావో కొలిచి చెప్పు అన్నాను.

ఆమె టేపు విప్పనైనా లేదు. సింకు వంక, గోడ వంక చూసి, "ఎత్తు మార్చక్కర్లేదమ్మా. సింకు మీంచి తీసి ఈ పక్క గోడకి పెడితే సరిపోతుంది. మీకూ అందుతుంది, నాకూ తగలదు" అంది. ఇరవై ఎనిమిదేళ్లలో ఇద్దరం రెండు కొలతలు కొలిచాం గాని ఆ పక్క గోడ ఎవరికీ తోచలేదు. ఆ సింకు ముందు మాకంటే ఎక్కువసేపు నిలబడిన మనిషిని ఎవరం అడగలేదు.

వడ్రంగిని పిలవలేదు. మేకులు నేను పట్టుకున్నాను, సుత్తి ఆయన పట్టుకున్నారు, ఎక్కడ కొట్టాలో ఆమె చెప్పింది.